రెండువందల పద్నాలుగో బిళ్ళ

మా బొగ్గుబాయి కబడ్డీ టీంలో ఎవడు ఆటగాడో ఎవడు వేషగాడో చెప్పమంటే, ఆ రోజుల్లో నేను అన్నం ముందు కూర్చుని కూడా అన్నం మరిచి చెప్పేదాన్ని. రెండువేల ఏడు చలికాలం అది. గోదావరిఖనిలో మా క్వార్టరు నుంచి బాయి గేటు దాకా నడిచే ఇరవై నిమిషాలూ నా నోరు ఊరుకునేది కాదు. కెప్టెన్ ఎల్లేశం మంచి రైడరే, కానీ ఎడమ మడమ దెబ్బతిన్నాక మలుపు దగ్గర వెనకబడుతున్నాడు. మూల కాసే సదయ్యది ఉడుంపట్టు, కాకపోతే నలభై దాటాయి, ఆట సగమయ్యేసరికి రొప్పుతాడు. సంపత్ ఫొటోకు బాగుంటాడు. బోనస్ గీత మీదికి కాలు చాచి, చప్పట్లు కొడుతున్నారా లేదా అని చూసుకునేలోపే నలుగురు మీద పడతారు.

"నీకెందుకక్కా ఈ మొగోళ్ళ ఆటలు?" అని ఎవరైనా అడిగితే, "మొగోళ్ళకు ఆడరాకనే గదా నేను చెప్పవట్టె" అనేదాన్ని.

ఇక మా జాన్ ప్రసాద్. నా మరిది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నాలుగో తరగతి చదువుతుండేవాడు, నా చేతి ముద్దలు తిని పెరిగాడు, అందుకే వాడు వీడు అంటున్నాను. జాను కాళ్ళు మా బాయిలోనే కాదు, చుట్టుపక్కల ఏ బాయిలోనూ ఎవరికీ లేవు. వచ్చిన చిక్కల్లా కూతతోనే. గీత దాటి అవతలి జట్టు మీదికి పోయినవాడు తిరిగొచ్చేదాకా ఒకే దమ్ములో కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టాలి, అది అంపైరుకు వినబడాలి. జానుకు భయమేస్తే గొంతు లోపలికి పోయేది. పెదవులు ఆడేవి, మాట వచ్చేది కాదు. ముగ్గురిని ముట్టి వచ్చినా కూత వినబడలేదని అంపైరు విజిల్ ఊదేవాడు.

నా పిచ్చంతా ఆట మీది ప్రేమ అనుకునేవారు జనం. సగం అదే. మిగతా సగం భయం. నా భర్త ఆమోసు అంతకు అయిదేళ్ళ ముందు బాయిలో బండ కూలి పోయాడు. ఆయన పోయాక కంపెనీ నాకు ల్యాంపు రూంలో పని ఇచ్చింది. మామ రిటైరవుతూ ఇప్పించిన నౌకరీలో జాను అప్పటికే అదే బాయిలో దిగుతున్నాడు. కంపెనీ ఏరియా జట్టుకు ఎంపికైన ఆటగాళ్ళను బాయిలోంచి తీసి పైన పనిలో వేసుకోవడం మా దగ్గర ఒక రివాజు. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. డిసెంబరు చివర్లో ఎంపిక. వాడికి ఇరవై ఏడేళ్ళు. ఆ సంవత్సరం తప్పితే ఇక ఎవరూ తీసుకోరు.

మా అత్త యేసమ్మ ప్రతి రాత్రి ప్రార్థనలో ఒకే మాట అనేది. "ప్రభువా, పెద్దోన్ని ఎట్లనో తీస్కపోతివి. చిన్నోన్ని బాయిల నుంచి పైకి తీస్కరా." ఆమెన్ అనేటప్పుడు నా గొంతే పెద్దగా వినబడేది.

ల్యాంపు రూం సంగతి కొంచెం చెప్పాలి. షిఫ్టుకు వచ్చినవాడు కిటికీలోంచి తన నంబరు బిళ్ళ ఇస్తాడు, మేము తలకు పెట్టుకునే ల్యాంపు ఇస్తాం. ఆ ఇత్తడి బిళ్ళను గోడ మీది బోర్డుకు తగిలిస్తాం. వాడు పైకొచ్చి ల్యాంపు ఇచ్చాకే బిళ్ళ తిరిగి ఇస్తాం. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నాడని లెక్క. ఆమోసు బిళ్ళ మూడు రోజులు ఆ బోర్డు మీదే ఉంది. ఆ బోర్డు కిందే నేను నౌకరీ చేస్తున్నాను. జాను నంబరు రెండువందల పద్నాలుగు. అది కొక్కానికి వేలాడినంతసేపూ నా చూపు దాని మీదే ఉండేది. ఎనిమిది గంటలు, రోజూ.

దీనికో దారి చూపింది సర్దారు లింగమూర్తి. కింద జాను గ్యాంగుకు పని పంచేది ఆయనే, ఆట పిచ్చిలో నాకు అన్న వరస.

"డెబోరా, పిలగాని కాళ్ళు తట్టలు మోసి మోసి మొద్దువారుతున్నయ్" అన్నాడొక పొద్దున కిటికీ దగ్గర ఆగి. "మొదటి షిఫ్టు అయినంక గ్రౌండుకు పోతే ఏం ఆడుతడు? ఎంపిక దాక దిగొద్దను. హాజరు మస్టరు పడనీ, ల్యాంపు తీస్కోనీ, మెల్లగ గ్రౌండుకు పోనీ. కింద నీళ్ళ పంపు కాడ ఉన్నడని నేను రాస్త. అటు పురుగు గూడ రాదు."

"మరి బిళ్ళనే?"

"అది నీ చేతులనే ఉండె గదా."

దాన్ని దొంగతనం అనుకోలేదు మేము, దేవుడి సాక్షి. ఆటగాడికి చేసే సేవ అనుకున్నాం, కెప్టెన్ ఎల్లేశానికీ అంతా తెలుసు. జాను అందరితోపాటు వరసలో నిలబడి ల్యాంపు తీసుకునేవాడు. దాన్ని తువ్వాలలో చుట్టి సైకిలెక్కి గ్రౌండుకు పోయేవాడు. వరస పలచబడగానే నేను బోర్డు మీంచి వాడి బిళ్ళ తీసి నా టిఫిను డబ్బాలో, రొట్టెల కింద పెట్టేదాన్ని, షిఫ్టు అయ్యే వేళకు వాడు ల్యాంపు తెచ్చిస్తే తిరిగి ఇచ్చేదాన్ని. లోపల లేనివాడి బిళ్ళ బోర్డు మీద ఎందుకు? ఆ కొక్కెం బోసిగా కనబడగానే నాకు ఊపిరి ఆడేది. అయిదేళ్ళలో మొదటిసారి నేను డ్యూటీలో కూనిరాగం తీశాను. నాతో పనిచేసే కనకవ్వ అనుమానంగా చూసింది కూడా.

సాయంత్రం ఇంటికి పోగానే అత్త గుమ్మంలోనే అడిగేది. "బిళ్ళ తీసినవా బిడ్డా?"

"తీసిన అత్తమ్మా."

పన్నెండు రోజులు అలా గడిచాయి.

ఎంపికకు ముందు ఆదివారం నస్పూర్ బాయి వాళ్ళతో ఆట. చర్చి కాగానే అత్తను ఇంట్లో దింపి నేను గ్రౌండులో పడ్డాను. చివరి రెండు నిమిషాలకు సమానంగా ఉన్నారు. ఎల్లేశం జానును పంపాడు. అబ్బ, ఆ పోవడం! ఇద్దరి మధ్యలోంచి దూరి, మూలవాడి భుజం ముట్టి, వెనక్కి తిరిగాడు. అప్పుడు ఏరియా నుంచి వచ్చిన పెద్ద సార్లు కుర్చీల్లో ముందుకు వంగారు. వాడు అది చూశాడు. నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, వాడి పెదవులు ఆడుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం ఆగిపోయింది. విజిల్. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఆట అయ్యాక అందరూ గ్రౌండు పక్కన హోటల్లో చాయ్ తాగుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. కోపం కాదు అది, భయం. ఈ ఏడు కూడా పోయిందా, వీడు రిటైరయ్యేదాకా ఆ బోర్డు మీద వేలాడాల్సిందేనా అని. నా భయం నోట్లోంచి ఎప్పుడూ తిట్టుగానే వస్తుంది, ఏం చెయ్యను.

"కాళ్ళున్నయ్, ఏం లాభం?" అన్నాను అందరూ వినేలా. "మా జాను కూత దోమ సప్పుడు. చెవుల పక్కకొస్తె గని వినరాదు. గసొంటోన్ని ఏరియాకు తీస్కపోతరా? పిరికోడు. బాయిల తట్టలు మోసుడే గతి."

అందరూ నవ్వారు. సంపత్ అయితే గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. జాను నా వెనకే నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. చాయ్ తాగకుండా సైకిలెక్కి పోయాడు.

ఆ రాత్రి అన్నం పెడితే తిన్నాడు. గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం కట్టమని అత్త అడిగితే కట్టాడు. రేపు మాట్లాడతాలే అనుకున్నాను.

సోమవారం పొద్దున షిఫ్టు వరస. అందులో మాకు మొహాలు కనబడవు. కిటికీ చిన్నది, చేతులే కనబడతాయి. చిటికెన వేలు వంకరగా ఉన్న చెయ్యి రెండువందల పద్నాలుగో బిళ్ళ పెట్టింది. రోజూ అయితే "వదినె, ఇయ్యాల రొట్టెల్లోకి ఏం పెట్టినవ్?" అని అడిగేవాడు. ఆ రోజు అడగలేదు. ల్యాంపు తీసుకుని చెయ్యి పోయింది. ఇంకా అలక తీరలేదనుకున్నాను. వరస పలచబడ్డాక బిళ్ళ తీసి డబ్బాలో పెట్టాను.

పదకొండు కాకముందే సైరన్ కూసింది.

బాయి మీద పనిచేసేవాళ్ళకు ఆ కూత ఎందుకో తెలుసు, కింద ప్రమాదం అయితేనే కూస్తుంది. నా చూపు బోర్డు మీదికి పోయింది. ఆ వెంటనే, ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తాను, మనసు తేలికపడింది. మావాడు గ్రౌండులో ఉన్నాడు. వాడి బిళ్ళ నా డబ్బాలో ఉంది. ఆ రోజు బాయిలో అందరి వదినలకన్నా నేనే నిమ్మళంగా ఉన్నాను.

మూడో లెవెల్లో పైకప్పు కూలిందన్నారు. కరెంటు తీసేశారు. మనుషులు గుంపులు గుంపులుగా పైకొస్తున్నారు, మొహాలు మసి, కళ్ళు తెల్లగా. నేనూ కనకవ్వా ల్యాంపులు తీసుకుంటూ బిళ్ళలు ఇస్తూనే ఉన్నాం. సర్దారును నలుగురు మోసుకొచ్చారు. తల పగిలి స్పృహలో లేడు. లింగమూర్తి కాదు, ఆయన బదులు వచ్చిన ఎవరో కొత్తాయన. బిడ్డ లగ్గం మాట్లాడటానికి లింగమూర్తి మంచిర్యాల పోయాడని అప్పుడు తెలిసింది నాకు.

పన్నెండున్నరకు బోర్డు ఖాళీ అయ్యింది. మేనేజరు సార్ లోపలికి వచ్చి బోర్డు కేసి చూశాడు.

"ఎంతమంది ఉన్నరమ్మా ఇంక?"

"ఒక్క బిళ్ళ గూడ లేదు సార్" అన్నాను. నేనే అన్నాను.

ఆయన అక్కడి ఫోనే ఎత్తాడు. "అందరూ బయటికి వచ్చేశారు. లోపల ఎవరూ లేరు. పైకప్పు ఇంకా రాలుతోంది, రేపటిదాకా ఎవరినీ దింపొద్దు" అన్నాడు. రెస్క్యూ వాళ్ళు బెల్టులు విప్పుతున్నారు. కనకవ్వ దండం పెట్టుకుంది.

ఆయన అటు పోయాడో లేదో ఎల్లేశం కిటికీ దగ్గరికి వచ్చాడు. గ్రౌండు నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, కాళ్ళకు మన్ను.

"అక్కా, జాను ఏడి?"

"ఏడేంది? నీతాన లేడా?"

"పొద్దటి సంది రాలే. అలిగిండేమో అనుకున్న. సైరన్ విని ఉరికొచ్చిన, పైకొచ్చినోళ్ళల్ల ఎంత లెంకినా దొర్కలే."

కనకవ్వ తిరిగి చూసింది. "జానా? నేను పొద్దుగాల బయట ఊడుస్తుంటె బాయి దిక్కు పోయిండు గదా. యాడికి బిడ్డా అంటె, తట్టలు మోసుడే గతి అన్నరు కాకీ, మోసొస్త అన్నడు."

నా చేతిలో ఎవరిదో ల్యాంపు ఉంది, అది పడిపోయింది. ఆ చప్పుడు కూడా నాకు దూరంగా వినబడింది.

ఎల్లేశం కిటికీలోంచి తల లోపలికి పెట్టి గొంతు తగ్గించాడు. "అక్కా, ఆగు, ఆగు. దిగకముందుకే మనసు మారి యాడికన్న పోయిండేమో. బిళ్ళ ముచ్చట ఇప్పుడు బయటపెడితె నీ నౌకరి పోతది. లింగమూర్తి కాకది పోతది. జర ఆగు. నేను ఇంటికాడ, హోటల్ కాడ చూసొస్త."

ఆగాను. ఎవరి దగ్గరా దాచను ఈ మాట, నేను ఆగాను. పది నిమిషాలు. డబ్బా మూత తీసి రొట్టెల కింది బిళ్ళను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఈ నౌకరీ పోతే అత్తకు ఏం పెట్టాలి అని ఆలోచించాను. వాడు ఎక్కడో సినిమా హాల్లో కూర్చుని ఉంటాడని అనుకున్నాను. ఉండాలని ప్రార్థన చేశాను. నూనె అంటిన బిళ్ళ వేళ్ళ మధ్య జారుతోంది. దేనికి భయపడుతున్నానో నాకే తెలియలేదు, వాడు లోపల ఉన్నాడనా, లేడని తేలితే ఊరికే దొరికిపోతాననా.

వెనక తలుపులోంచి సైకిల్ స్టాండు కనబడుతుంది. జనం చెదిరిపోతున్నారు, సైకిళ్ళు ఒక్కొక్కటీ పోతున్నాయి. మిగిలినవాటిలో వాడి సైకిలుంది. హ్యాండిలుకు నీలం సంచి వేలాడుతోంది. అందులో వాడి ఆట బట్టలు, మోకాలి పట్టీలు. సైకిలు లేకుండా వాడు వీధి చివరికి కూడా పోడు.

నేను బోర్డు దగ్గరికి పోయి బిళ్ళను దాని కొక్కానికి తగిలించాను.

తర్వాత బయటికి పోయి మేనేజరు సార్ ముందు నిలబడ్డాను. "సార్, ఒక్కడున్నడు లోపల."

"ఇప్పుడే లేరంటివి గదమ్మా!"

"బిళ్ళ నేను తీసిన సార్. రోజు తీస్తున్న. నన్నేమన్న చెయ్యుండ్రి, పంపు కాడ చూడుండ్రి. మా మరిది పేరు పంపు కాడనే రాసి ఉన్నది. కొత్త సర్దారు అది చూసి అటే పంపి ఉంటడు."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టే టైము లేదు ఆయనకు. కరెంటు తీసి రెండు గంటలు కావస్తోంది, పంపు ఆగిపోయింది, ఆ పల్లంలో నీళ్ళు పెరుగుతుంటాయి. అది నాకూ తెలుసు, అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రెస్క్యూ జగదీశ్వర్ విప్పిన బెల్టు మళ్ళీ కట్టుకుంటూ పరుగెత్తాడు.

అత్తకు ఎవరు చెప్పారో, గేటు దగ్గరికి వచ్చింది. అయిదేళ్ళ కింద కూర్చున్న చోటే కూర్చుంది. నేను పక్కకు పోయాను. ఏడుపు లేదు ఆమెకు, నా కొంగు పట్టుకుని అడిగింది.

"బిళ్ళ తీసినవా బిడ్డా?"

రోజూ తీసిన అని చెప్పే నోటితో, "లేదత్తమ్మా, పెట్టిన" అన్నాను. అత్త ప్రార్థన చేస్తోంది, నాకు ఒక్క మాట గుర్తురావట్లేదు. ఆ పది నిమిషాల్లో నీళ్ళు ఎంత పెరిగి ఉంటాయో లెక్క కడుతున్నాను. జానెడా, మూరెడా. మోకాలి దగ్గర ఉన్నవి నడుముకు వచ్చాయా, నడుము దగ్గర ఉన్నవి గొంతుకు వచ్చాయా. ఇప్పటికీ నిద్రలో ఆ లెక్కే కడుతుంటాను.

నాలుగున్నరకు తెచ్చారు. స్ట్రెచరు మీద మొహం కప్పలేదు. నేను ముందు చూసింది అదే, కప్పలేదు. కుడికాలు మాత్రం మోకాలి కింద బట్టలతో చుట్టి ఉంది, ఆ చుట్టడంలోనే తెలిసింది అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదని. అత్త స్ట్రెచరు వెంట దవాఖానకు పరుగెత్తింది. నేను జగదీశ్వర్ చెయ్యి పట్టుకున్నాను, కాళ్ళ మీద పడేదాన్నే, లేపాడు.

"నాతోనేం కాలే అక్కా. లోపల ఏ సప్పుడు లేదు. బండ అవతలికి వినుకుంట ఎంతసేపు నిలబడ్డమో. గొంతు లేదు, రాయితోని కొట్టిన సప్పుడు లేదు. మావోళ్ళు వాపస్ పోదామన్నరు. బోర్డు మీద బిళ్ళ ఉన్నదన్న ఒక్క మాటకే తవ్వినం. ఛాతి దాక నీళ్ళల్ల ఉండె. ఇంకో అరగంటయితె..." అని ఆపేశాడు.

నన్ను మర్నాడే సస్పెండ్ చేశారు. లింగమూర్తినీ చేశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ఆయన భార్య మాత్రం రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. శనివారం ఏరియా జట్టు ఎంపిక జరిగింది. సంపత్‌ను తీసుకున్నారట, కలికాలం. ఎవరో చెప్తే విన్నాను, నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జాను మూడో రోజు కళ్ళు తెరిచాడు. కాలు తీసేశారని ఎవరూ చెప్పకుండానే తెలిసింది వాడికి. కాళ్ళ దగ్గర దుప్పటి ఖాళీగా ఉన్న వైపు చూడకుండా కిటికీ కేసి చూస్తున్నాడు. అత్త చాయ్ తేవడానికి పోయింది. స్టూలు మీద నేను. వాడి చిటికెన వేలు నిమురుతున్నాను.

"వదినె" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది, గాలి తప్ప మాట లేదు అందులో.

"చెప్పు అయ్యా."

"బండ పడ్డంక నేను కూత పెట్టిన. ల్యాంపు ఆరిపోయింది. కాలు ఇరికింది. నీళ్ళు వస్తున్నయ్. ఇగ ఎవలకన్న వినవడాలె గదా అని... ఒక్క దమ్ముల ఎంత దూరం పోతదో అంత పెట్టిన. మల్ల పెట్టిన. గొంతు పోయెదాక పెట్టిన." నా మొహంలోకి చూశాడు, అంపైరు మొహంలోకి చూసినట్టే. "వాళ్ళకు వినవడ్డదా?"

నాకు జగదీశ్వర్ మాటలు గుర్తొచ్చాయి. ఏ సప్పుడు లేదక్కా. ఆట గురించి, ఆటగాడి గురించి ఎవరి మొహం చూసీ నేను అబద్ధం చెప్పి ఎరగను. కన్న కొడుకుతో సమానమైన వీడికి కూడా చెప్పలేదు ఏనాడూ.

"వినవడ్డది" అన్నాను. "బండ అవతలికి వినవడ్డది. ఆ కూత పట్టుకునే నీ కాడికి వచ్చినం అన్నరు."

"దోమ సప్పుడు లెక్క లేకుండె గదా?"

"లేదు జానూ" అన్నాను. "గేటు కాడ కూసున్న నాకు గూడ వినవడ్డది."

వాడు కళ్ళు మూసుకున్నాడు. అత్త చాయ్ గ్లాసుతో లోపలికి వచ్చి, నేనెందుకు ఏడుస్తున్నానని అడిగింది.